లాగ్‌బుక్‌లో తొంభై ఆరు డిగ్రీలు

మేడ్చల్ బస్ డిపో ఎదురు సందులో నాకో కంప్యూటర్ షాపుంది. ఆరేళ్లలో నేను బిగించిన సిస్టమ్ ఒక్కటి కూడా కంప్లయింట్‌తో తిరిగి రాలేదు. ఈ సంగతి నన్ను ఎవరూ అడిగేవారు కాదు, నేనే చెబుతుండేవాణ్ణి. టీ కొట్టు దగ్గర చెప్పేవాణ్ణి, పెళ్లిళ్లలో చెప్పేవాణ్ణి, ఒకసారి హెల్మెట్ లేదని ఆపిన కానిస్టేబుల్‌కి కూడా చెప్పాను.

అందుకే మొన్న మే నెలలో నవ్యశ్రీ ఫోన్ చేసి, "బాలరాజు గారూ, మీరు బిగించిన కంప్యూటర్ తొంభై ఆరు డిగ్రీల దగ్గర ఉడుకుతోందండీ" అన్నప్పుడు, నేను ఏమాత్రం తొణక్కుండా, "రాంగ్ నంబర్ కావచ్చు మేడం" అన్నాను.

"మీ పేరు పెట్టి పిలిచాక కూడానా?"

అక్కడ దొరికిపోయాను.

ఆ సిస్టమ్ బిగించింది అంతకు పది రోజుల ముందు, శామీర్‌పేటలో వాళ్లింట్లోనే. మామూలుగా నేను షాపులోనే బిగించి పంపిస్తాను. కానీ నవ్యశ్రీ వాళ్ల నాన్న యజ్ఞనారాయణగారు, పని కళ్లముందు జరగాలన్నారు. ఆయన గోదావరి జిల్లాల కరెంటు సబ్‌స్టేషన్లలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. కూతురికి తుర్కపల్లిలోని ఒక ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చాక శామీర్‌పేట కాలనీలో ఇల్లు కొనుక్కుని వచ్చేశారు.

ఆ ఇంట్లో ఆరేళ్ల నాటి సోఫా మీద ఆరేళ్ల నాటి ప్లాస్టిక్ అలాగే ఉంది. కూర్చుంటే కరకరమంటుంది. టీవీ రిమోట్ కవర్లో ఉంది. ఫ్రిజ్ తలుపు మీద షోరూం వాళ్లు అంటించిన పొర మధ్యలో బుడగలు వచ్చినా ఊడలేదు. ఇదంతా నవ్యశ్రీ వాళ్లమ్మ జానకీదేవిగారి పాలన. నేను సామాను డబ్బాలు విప్పుతుంటే ఆవిడ కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చున్నారు.

ఎక్కడ పరపరమని శబ్దం వచ్చినా, "అది తీయకు బాబూ. కొత్తది కదా, ఉండనీ" అనేవారు. కంప్యూటర్ క్యాబినెట్ పక్క అద్దానికి ఉన్న పొర గురించి మా ఇద్దరికీ పది నిమిషాలు వాదన జరిగింది. నేను ఓడిపోయాను.

సరిగ్గా అప్పుడే నవ్యశ్రీ కంపెనీ క్యాబ్ దిగి ఇంట్లోకి వచ్చింది. మెడలో ఐడీ కార్డు, చెంప మీద ల్యాబ్ కళ్లద్దాల గీత. లోపలికెళ్లి మజ్జిగ గ్లాసు తెచ్చి నాకిచ్చి, పక్కన నిలబడి, ఆ తెల్ల పేస్ట్ ఏంటండీ అని అడిగింది.

నేను ప్రొఫెసర్‌నైపోయాను. ప్రాసెసర్ పనిచేస్తే వేడి పుడుతుందనీ, ఆ వేడిని లాక్కోవడానికి దాని మీద కూలర్ కూర్చుంటుందనీ, రెండింటి మధ్య గాలి సందు లేకుండా ఈ పేస్ట్ పూస్తారనీ చెప్పాను. ఎంత పూయాలంది. బఠానీ గింజంత అన్నాను.

"మా ల్యాబ్‌లో మైక్రోలీటర్లలో కొలుస్తామండీ. మీ దగ్గర బఠానీలా?"

అని నవ్వింది. కుడివైపు ఒక పన్ను కొంచెం పక్కకి జరిగి ఉంటుంది. నవ్వితేనే కనిపిస్తుంది. ఎడమచేత్తో మజ్జిగ తాగుతూ, కుడిచేత్తో కూలర్ పెట్టి నాలుగు స్క్రూలు బిగించాను. అంత ఒడుపుగా నేను ఎప్పుడూ బిగించలేదనిపించింది.

ఇంతకీ ఆ అమ్మాయికి సిస్టమ్ ఎందుకంటే, ఒక ప్రోటీన్ ఎలా ముడుచుకుంటుందో లెక్కగట్టే ప్రోగ్రాం నడపాలి. ఆ ఆలోచన పూర్తిగా తనది. ల్యాబ్ కంప్యూటర్లకు పెద్ద క్యూ ఉంది. ఇంట్లో నడిపితే తొమ్మిది రోజులు ఆగకుండా తిరగాలి. జూన్ ఇరవైలోగా ఫలితం చూపిస్తే ప్రాజెక్టు తనకి, లేకపోతే సుజిత్ అనే సీనియర్‌కి. సుజిత్ అప్పటికే ఆ ప్రాజెక్టు గురించి "మనది" అని మాట్లాడుతున్నాడట.

సిస్టమేమో తొంభై ఆరు దాటి తనంతట తనే ఆరిపోతోంది. ప్రోగ్రాం రన్ ప్రతిసారీ రెండో రోజే చచ్చిపోతోంది.

నేను మొదటిసారి చూడ్డానికి వెళ్లేసరికి క్యాబినెట్ మీద జానకీదేవిగారు స్వయంగా అల్లిన కవరు తొడిగి ఉంది. ఆకుపచ్చ చిలకలు, ఎర్ర ముక్కులు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఇగో, గిదే. గిట్ల స్వెటర్ తొడిగితే దానికి ఊపిరెట్లాడుతది?" అన్నాను.

జానకీదేవిగారు చిలకల్ని మడిచి బీరువాలో పెట్టేశారు. యజ్ఞనారాయణగారు మాత్రం పొడుగాటి రూళ్ల పుస్తకం ఒకటి తెచ్చి గడులు గీశారు. సబ్‌స్టేషన్‌లో గంటగంటకీ రీడింగులు రాసిన చెయ్యి కదా, ఊరుకోదు. టైము, బయటి వేడి, లోపలి వేడి, కారణం, రిమార్కులు. మొదటి వరస నాకింకా గుర్తుంది.

"ఉ. 11.20. బయట 41. లోపల 96. బాలరాజు వచ్చెను. కవరు తీయించెను. లోపల 95. బాలరాజు వెళ్ళెను. లోపల 96."

రెండోసారి తప్పు సాంబ్రాణిది అన్నాను. దేవుడి గూడు కంప్యూటర్ పక్క గోడకే ఉంది. ఆ పొగ ఫ్యాన్లోకి పోయి జిడ్డు కడుతోందని తేల్చి, లేని జిడ్డుని నలభై నిమిషాలు తుడిచాను. పెళ్లైన దగ్గర్నుంచీ ఏ శుక్రవారమూ మానని సాంబ్రాణి జానకీదేవిగారు మానేశారు. సాయంత్రానికి మళ్లీ తొంభై ఆరు.

మూడోసారి టేబుల్ మీద పడ్డాను. రిటైరయ్యాక యజ్ఞనారాయణగారు తన చేతులతో చేసుకున్న టేకు టేబుల్ అది. వెనకవైపు మూసి ఉండటంతో వేడి బయటికి పోవడం లేదన్నాను. ఆయన చాలాసేపు టేబుల్ని తడిమి, రంపం తెచ్చి, వెనక చెక్కని తనే కోశారు. నేను పక్కన నిలబడి టార్చి పట్టాను. తొంభై నాలుగు చూపించింది. ఆ రెండు డిగ్రీలు నా ఖాతాలో వేసుకుని ఇంటికెళ్లాను. నేను మేడ్చల్ చేరేలోపు అవీ పోయాయి.

కూలర్ విప్పి చూడొచ్చు కదా అని మీరు అడగొచ్చు. అడగండి. నేను బిగించినదాన్ని నేనే అనుమానించడమంటే ఆరేళ్ల పేరుని అనుమానించడం. అది ఒక కారణం. సిస్టమ్ బాగైపోతే నాకిక శామీర్‌పేటలో పనేముంటుంది అన్నది రెండోది.

"ఒకటి గమనించారా? మీరొచ్చినప్పుడల్లా ఒకటో రెండో డిగ్రీలు తగ్గుతోంది. నాన్న పుస్తకంలో ఉంది" అంది నవ్యశ్రీ ఒకరోజు.

"నన్ను జూస్తే సల్లబడతాంది మేడం."

"అయితే మీరే లోపల కూర్చోండి. తొమ్మిది రోజులేగా. భోజనం పంపిస్తాను."

నాకేం అభ్యంతరం లేదన్నాను. అలా అన్నందుకు చెవులు ఎర్రబడ్డాయి, కాకపోతే ఎవరివో ఇప్పుడు చెప్పను.

జూన్ తొమ్మిదిన వాన పడింది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సర్వీస్ రోడ్డంతా ఒక్క గంటలో కాలవైపోయింది. మే అంతా నలభై ఒకటి మీద కూర్చున్న ఎండ ఇరవై ఆరుకి దిగింది. యజ్ఞనారాయణగారు ఫోన్ చేశారు.

"బయట పదిహేను డిగ్రీలు తగ్గిందయ్యా. లోపల ఒక్కటి కూడా తగ్గలేదు. ఇక ఎండ మీద కూడా నేరం మోపడానికి లేదు."

ఆయన గొంతులో కోపం లేదు. అదే నాకు నచ్చలేదు. పైగా ఇరవయ్యో తారీఖుకి పదకొండు రోజులే ఉన్నాయి. ఆ రోజు రన్ మొదలైతే మొదలైనట్టు, లేదంటే ప్రాజెక్టు సుజిత్‌ది. తడుస్తూనే వెళ్లాను.

గుమ్మంలో నవ్యశ్రీ తువ్వాలు అందించింది. ఈసారి ఎగతాళి లేదు. కళ్లకింద నీడలున్నాయి. "ఇవాళ కాకపోతే చెప్పేయండి. నేనే మా ల్యాబ్ సార్‌కి చెప్పేస్తాను, నా వల్ల కాలేదని" అంది.

మేడ మీద రేకు కిందికి జరిపిన మిరపకాయల్లోకి కూడా నీళ్లు వస్తున్నాయని వాళ్ల అమ్మానాన్నా పైకి పరిగెత్తారు. నవ్యశ్రీ టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది. నేను నాలుగు స్క్రూలూ విప్పి కూలర్ ఎత్తాను.

కూలర్ అడుగున సన్నటి ప్లాస్టిక్ పొర ఉంది. దాని మీద ఎర్రటి ఇంగ్లీషు అక్షరాల్లో, బిగించే ముందు దీన్ని తీసివేయండి అని ఉంది. పేస్ట్ దానికి బుద్ధిగా అంటుకుని ఉంది, బఠానీ గింజంత.

మేడ్చల్లో కొత్తగా పనిలో చేరినవాడికి నేను మొట్టమొదట నేర్పే పాఠం ఆ పొర తీయడం. నెల రోజులుగా ఒక ఇంటి చిలకలనీ, సాంబ్రాణినీ, టేబుల్నీ దోషులని తిట్టింది ఈ పొరను పెట్టుకుని. వంటింట్లోంచి గ్లాసుల చప్పుడు వినిపిస్తోంది. పొర లాగి చొక్కా జేబులో పెట్టుకున్నాను. తుడిచి, కొత్త పేస్ట్ పూసి, మళ్లీ బిగించాను.

రన్ మొదలుపెట్టి గంట చూశాం. అరవై రెండు. అరవై రెండు దాటలేదు.

యజ్ఞనారాయణగారు కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివారు. జానకీదేవిగారు పులిహోర పెట్టారు. నవ్యశ్రీ తెర ముందు నిలబడి చేత్తో నోరు మూసుకుంది. అప్పుడు ఆయన పుస్తకం తీసి, "కారణం ఏమని రాయమంటావయ్యా?" అన్నారు.

జేబులో పొర ఛాతీకి గుచ్చుకుంటున్నట్టుంది.

"పేస్ట్ ఎండిపోయింది సార్. కంపెనీది నాసిరకం మాల్."

ఆయన రాసుకున్నారు. నవ్యశ్రీ గేటు దాకా వచ్చింది. ఊరికే మిమ్మల్ని అనుమానించాను, ఏమీ అనుకోకండి అంది. రన్ పూర్తయ్యాక చెరువు కట్ట మీద మొక్కజొన్న కంకి తనే ఇప్పిస్తానంది. నాకు కావలసిందంతా ఆ ఒక్క సాయంత్రం దొరికింది, ఒక అబద్ధం మీద.

రెండు రోజుల తర్వాత మా అమ్మ ఐలమ్మ బట్టలు నానేస్తూ చొక్కా జేబులోంచి ఆ పొరని తీసింది.

"గీ ప్లాస్టిక్ ముక్క ఏందిరా? పైసల లెక్క దాసుకున్నవ్."

చెప్పాను. మొత్తం చెప్పాను. అమ్మ చెయ్యి తుడుచుకుని నా మొహంలోకి చూసింది.

"గా పిల్ల నవ్విందని గిది మర్సినవ్. సరే, పోనీ. ఇగ గా పిల్లను జేసుకుంటే దినాం నవ్వుతది గదరా. దినాం ఒక అబద్ధం జెప్తవా?"

ఆ పొరని కడిగి ఆరబెట్టి నా చేతికిచ్చింది. నేను పర్సులో పెట్టుకున్నాను. తొమ్మిది రోజులూ నవ్యశ్రీ మెసేజ్ పెడుతూనే ఉంది. అరవై రెండు. అరవై ఒకటి. అరవై రెండు, పక్కన నవ్వు బొమ్మ. నేను బొటనవేలు బొమ్మ మాత్రం పంపాను.

పద్దెనిమిదో తారీఖు సాయంత్రం చెరువు కట్ట మీద సన్నగా తుంపర. నవ్యశ్రీ స్కూటీ స్టాండు వేసి వచ్చింది. ఫలితం వచ్చిందనీ, తను అనుకున్నట్టే ప్రోటీన్ ముడుచుకుందనీ, సార్ చూసి ప్రాజెక్టు తన పేరున రాశారనీ ఒక్క గుక్కలో చెప్పింది. కంకులు కాలుతున్నాయి. నిమ్మచెక్కతో కారం రాయించి నా చేతికిచ్చింది.

"మీలో నాకు నచ్చిందేంటో తెలుసా? మొహమాటం లేదు. అమ్మ కవరైనా, నాన్న టేబులైనా, తప్పనిపిస్తే మొహం మీదే చెప్పేశారు. అలాంటి మనిషంటే నాకు ఇష్టం."

ఆ మాట కోసం నెల రోజులు తిరిగాను. కంకి కట్ట మీద పెట్టాను. పర్సు తీసి ఆ పొర తన చేతిలో పెట్టాను. ఎర్రక్షరాలు చదివింది. అర్థం కావడానికి ల్యాబ్ మనిషికి ఎంతసేపు పడుతుంది?

"అయితే అమ్మ కవరు?"

"దానితోని ఏం గాలే."

"సాంబ్రాణి?"

"అది గూడ ఏం జెయ్యలే మేడం."

"నాన్న టేబుల్?"

"అది గూడ ఉత్తగనే కోయిచ్చిన."

"పొర మర్చిపోవడం పెద్ద విషయం కాదు. నేనూ ల్యాబ్‌లో వంద మర్చిపోతాను" అంది. గొంతు మారిపోయింది. "టేబుల్ కోసినప్పుడు మీకు తెలియదు, అదీ సరే. తెలిశాక తొమ్మిది రోజులు. మొన్న శుక్రవారం అమ్మ సాంబ్రాణి బొగ్గులు తీసి, మళ్లీ లోపల పెట్టేసింది. నేను చూశాను. మీరు ఆ రోజు నాకు బొటనవేలు బొమ్మ పంపారు."

క్షమించమన్నాను. తను స్కూటీ తాళం తీసింది.

"నాకు చెప్తే సరిపోదండీ. అబద్ధం నా దగ్గర లేదు. నాన్న పుస్తకంలో ఉంది."

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. ప్లాస్టిక్ సోఫా మీద కూర్చుంటే అది కూడా కరకరమని తిట్టినట్టే ఉంది. యజ్ఞనారాయణగారికి పొర చూపించి అంతా చెప్పాను. ఆయన పుస్తకం తెచ్చి, జూన్ తొమ్మిది పేజీ తెరిచి, పెన్ను నా ముందు పెట్టారు.

"లాగ్‌బుక్‌లో దిద్దకూడదు. వైట్నర్ పూయకూడదు. తప్పు రాత మీద ఒకే ఒక్క గీత, కింద ఉన్నది చదవడానికి కనిపించాలి. పక్కన నిజం, సంతకం, తేదీ. రాయి."

నాసిరకం పేస్ట్ మీద గీత కొట్టాను. "బాలరాజు కూలర్ పొర తీయకుండా బిగించెను" అని రాశాను. ఆయన భాష నాకూ అంటుకుంది.

వాకిట్లో నిలబడ్డ జానకీదేవిగారు మెల్లగా అన్నారు. "ఆ రోజు తీయకు, తీయకు అని ప్రాణం తీసింది నేనే కదా."

ఆ మాటతో నేను తప్పించుకోవడానికి ఆవిడ తలుపు బార్లా తెరిచి ఇచ్చారు. అందులోంచి జారుకోవాలని నాకూ అనిపించింది.

"లేదు ఆంటీ. మీరు అద్దంది తీయొద్దన్నరు. కూలర్‌ది మీరు జూడనే లేదు. అది జూసుకునుడు నా పని. నేను గప్పుడు కూలర్‌ను జూస్తలేను."

"మరి ఏం చూస్తున్నావు?" అన్నారు యజ్ఞనారాయణగారు. ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకు పేలిందని విచారణ చేసేటప్పుడు కూడా ఇదే గొంతు వాడేవారేమో.

"మీ అమ్మాయిని సార్."

నవ్యశ్రీ వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"అయితే కారణం సగమే రాశావు. పూర్తి కారణం రాయి."

"నవ్యశ్రీ గారిని చూస్తూ ఉండుట వలన" అని రాసి సంతకం పెట్టాను.

నవ్యశ్రీ వచ్చి నా చేతిలోంచి పెన్ను తీసుకుంది. ఇక కొట్టేస్తుందనుకున్నాను. నా సంతకం కింద "సాక్షి" అని రాసి, దాని పక్కన ఒక లైను రాసి, పుస్తకం వాళ్ల నాన్న వైపు తిప్పింది.

"మజ్జిగ గ్లాసు ఇచ్చి పక్కనే ఉన్నాను. నేనూ కూలర్ని చూడలేదు."

ఆయన ఆ లైను పైకి చదివారు. ముప్పై ఏళ్ల సర్వీసులో తమంతట తాము వచ్చి గీత కొట్టి సంతకం పెట్టినవాళ్లని ఇద్దరినే చూశానన్నారు. మూడోవాడు ఇంత అధ్వాన్నమైన కారణం రాస్తాడనుకోలేదన్నారు. తర్వాత రిమార్కుల గడిలో తన చేత్తో రాశారు. "బాలరాజు: పరిశీలనలో ఉంచడమైనది."

పరిశీలన నాలుగు నెలలు సాగింది. ప్రతి ఆదివారం నేను వెళ్లడం, ఆయన టైము రాయడం. టేబుల్ వెనక కోసిన చోట ఇద్దరం కలిసి జాలీ తలుపు బిగించాం. చిలకలు బీరువాలోంచి బయటికొచ్చి నా షాపులో ప్రింటర్ మీదికి చేరాయి. ఆరేళ్ల మాట నేను మానేశాను. ఇప్పుడెవరైనా అడిగితే ఒకటి తిరిగొచ్చిందని చెబుతున్నాను.

దసరా వెళ్లిన ఆదివారం సంబంధం అడగడానికి మా అమ్మనీ నాయిననీ శామీర్‌పేట తీసుకెళ్లాను. యజ్ఞనారాయణగారు గుమ్మంలోనే టైము రాసుకుని, మా ముందే రిమార్కులు పూర్తిచేశారు. "పరిశీలన ముగిసినది. అభ్యంతరం లేదు." షిఫ్టు అప్పగించేటప్పుడు రెండో సంతకం ఉండాలని పుస్తకం జానకీదేవిగారికిచ్చారు. ఆవిడ సంతకం పెట్టారు.

ఇంట్లో సాంబ్రాణి వాసన వస్తోంది. అమ్మ వెళ్లి సోఫాలో కూర్చుంది. అది కరకరమంది. అమ్మ ఉలిక్కిపడి లేచి, నిలబడే ఉంటానంది.

జానకీదేవిగారు ఒక నిమిషం సోఫా వైపు చూశారు. అందరినీ పక్కకి జరగమన్నారు. వంగి, ఆరేళ్ల ప్లాస్టిక్‌కి ఒక కొస పట్టుకున్నారు.

"ఆ చివర నువ్వు పట్టుకో బాబూ" అన్నారు నాతో. "ఈసారి మొత్తం తీసెయ్."